అమానత్‌కు నోరుండాలి

(ప్రభుత్వోద్యోగులు, వారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వేదిక మీద నిలబడి మాట్లాడుతున్నది ఒక్కరే అయినా ఈ మాట కొందరిది. ప్రభుత్వ కార్యాలయాలలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన మేము కొందరం కలిసి కూర్చుని ఈ ప్రసంగాన్ని సిద్ధం చేసుకున్నాం. చేసిన పనుల గురించి చెప్పుకోవడం తేలిక. చేయవలసి ఉండీ చేయని పనుల గురించి చెప్పుకోవడం కష్టం. ఆ కష్టమైన మాటే మీ ముందు చెప్పాలని అందరం నిశ్చయించుకున్నాం.

మన సభలలో ఉద్యోగాల ప్రస్తావన రాగానే ముందు లెక్కలు వస్తాయి. అవి అవసరమే. 2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదికను సమర్పించింది. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లిములు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం మాత్రమే ఉన్నారని ఆ నివేదిక చూపింది. రైల్వేలలో 4.5 శాతం ఉన్నారని, వారిలో కూడా 98.7 శాతం మంది కింది స్థాయి కొలువులలోనే ఉన్నారని తేల్చింది. ఈ లెక్క మారాలని మనం అడుగుతూ వచ్చాం, ఇకమీదట కూడా అడుగుతాం. రాజ్యాంగం 16వ అధికరణం మత ప్రాతిపదికన ఉద్యోగంలో వివక్ష ఉండరాదని చెప్పింది కనుక అది మన హక్కు.

అయితే ఈనాడు మేము మీ ముందుంచదలచిన ప్రశ్న వేరు. ఆ కొద్దిమందిలో ఒకరికి కుర్చీ దొరికింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ల ముందు ప్రజలకు అన్యాయం జరుగుతున్నది. అప్పుడు అతడు మాట్లాడుతున్నాడా? మాట్లాడితే వినే అధికారి ఉన్నాడా? విన్నందుకు కాక మాట్లాడినందుకు అతడి మీద దెబ్బ పడితే, వెనుక నిలిచే సమాజం ఉందా? ఈ మూడు ప్రశ్నల చుట్టూనే మా మాట సాగుతుంది.

ఒక నోటు పుస్తకం కథ

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కార్యాలయంలో జరిగిన సంగతి ఇది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. విద్యార్థుల ఉపకార వేతనాల దరఖాస్తులు అక్కడికి వచ్చేవి. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చిన ఒక యువకుడు డేటా ఎంట్రీ ఆపరేటరుగా ఉండేవాడు. జీతం కొద్దిపాటిది, అదీ నెలనెలా సరిగా వచ్చేది కాదు. దరఖాస్తులు ఎక్కిస్తూ ఎక్కిస్తూ అతడు ఒక విషయం గమనించాడు. తిరస్కరణకు గురైన దరఖాస్తులలో ఎక్కువ భాగం మన పిల్లలవే. కారణం ఏమిటని చూస్తే, పేరు. ఆధార్ కార్డులో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మెమోలో 'ఎస్.కె.' అని ఉంటుంది. ఒకచోట 'మహమ్మద్', మరొకచోట 'ఎండీ'. ఒకచోట 'పఠాన్' ముందు వస్తుంది, మరొకచోట చివరన వస్తుంది. మన ఇళ్లలో పేర్లు ఎలా రాస్తారో ఎరిగినవారికి అది ఒకే మనిషి పేరని చూడగానే తెలుస్తుంది. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు మనుషులుగా కనిపిస్తుంది.

ఆ అబ్బాయి ఊరుకోలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక నోటు పుస్తకంలో దరఖాస్తు నెంబరు, ఒక పత్రంలో ఉన్న పేరు, మరో పత్రంలో ఉన్న పేరు వరుసగా రాసుకుంటూ పోయాడు. రెండు నెలలలో పుస్తకం సగం నిండింది. ఒకనాడు మధ్యాహ్నం దాన్ని తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. పై కార్యాలయానికి ఒక లేఖ పంపితే, పేరు పొందికను మనుషుల చేత సరిచూయించే వీలు కల్పిస్తారేమో అన్నాడు.

ఆ సెక్షనులో అప్పుడు ఉన్నది మాలోని ఇద్దరు. ఇద్దరం ముస్లిములమే. ఆ పుస్తకం తిరగేసి చూశాం. అతడు చెప్పింది నిజమని మాకు అర్థమైంది. అయినా మా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "నీకెందుకు నాయనా, నీ పని నువ్వు చూసుకో. మనవాళ్ల గురించి మనమే లేఖ పెడితే ఏమనుకుంటారు?"

అతడు పుస్తకం తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఏజెన్సీ మారినప్పుడు కొత్త జాబితాలో అతడి పేరు రాలేదు. ఎందుకు రాలేదని మేము అడగలేదు. ఆ తర్వాత ఒక తండ్రి సమాచార హక్కు చట్టం కింద తన కూతురి దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో చెప్పమని అర్జీ పెట్టాడు. ఆ అర్జీకి 30 రోజులలో జవాబు ఇవ్వక తప్పదు కనుక ఫైలు కదిలింది, సంగతి పైకి వెళ్లింది, సవరణకు దారి దొరికింది. కానీ ఆ నడుమ ఒక విద్యా సంవత్సరం గడిచిపోయింది. ఫీజు కట్టలేక ఎంతమంది ఆడపిల్లలు ఇంట్లో కూర్చున్నారో మాకు తెలియదు. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు. అల్లాహ్ దగ్గర తప్పకుండా ఉంటుంది.

ఈ సంగతి చెప్పడం మాకు సులువు కాదు. అయినా ఎందుకు చెబుతున్నామంటే, మన సమాజానికి జరిగే నష్టమంతా మనల్ని ద్వేషించేవారి వల్లనే జరగదు. కొంత నష్టం మన భయం వల్ల కూడా జరుగుతుంది.

అమానత్ అంటే ఏమిటి?

ఉద్యోగాన్ని మన పెద్దలు రిజ్క్ అన్నారు, జీవనాధారమన్నారు. అంతకంటే ముందు అది అమానత్. మరొకరి సొత్తు మన చేతిలో ఉండడమే అమానత్. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని, ప్రజల మధ్య తీర్పు చేయవలసి వస్తే న్యాయంగా చేయాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో ఆదేశించింది. పింఛను ఫైలు మీ బల్ల మీద ఉంటే దాని హక్కుదారు ఎవరు? మీరు కాదు, మీ అధికారి కాదు, మంత్రి కూడా కాదు. గుమ్మం బయట బల్ల మీద కూర్చున్న ఆ వృద్ధురాలే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో జకాత్ వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగి వచ్చి, తెచ్చిన సొమ్మును రెండు కుప్పలుగా చేసి, ఇది మీకు చెందినది, ఇది నాకు కానుకగా వచ్చినది అన్నాడు. ప్రవక్త (స) మింబరు ఎక్కి అందరి ముందూ ఆ ధోరణిని ఖండించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే అతడికి ఆ కానుకలు వచ్చేవా అని ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. కుర్చీని చూసి వచ్చిన ఏ కానుకా మనిషిది కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం. ఇందులో మరో పాఠం కూడా ఉంది. తప్పు ప్రజల సొమ్ముకు సంబంధించినదైతే దాన్ని గదిలో సర్దుబాటు చేయకుండా, నలుగురి ముందు నియమంగా నిలబెట్టారు.

అందువల్ల కళ్ల ముందు అమానత్‌కు హాని జరుగుతుంటే చూసి మాట్లాడడం ఉద్యోగి ఇష్టాయిష్టాలకు చెందిన విషయం కాదు. అది ఉద్యోగంలో భాగం. ఇల్లు కాయమని పెట్టిన మనిషి దొంగను చూసి కూడా పలకకపోతే, నేను దొంగతనం చేయలేదు కదా అనే జవాబు అతడిని కాపాడదు.

మాట్లాడడానికీ ఒక పద్ధతి ఉంది

మాట్లాడడం అంటే ప్రతి అసంతృప్తినీ ఫిర్యాదు చేయడం కాదు. క్యాంటీనులో గుసగుసలాడడం, ఆకాశరామన్న ఉత్తరాలు రాయడం, పదోన్నతి రాలేదని తోటి ఉద్యోగి మీద బురద చల్లడం నైతికమైన గొంతు అనిపించుకోవు. మేము మూడు పరీక్షలు చెప్పుకుంటాం. మొదటిది, నేను చెప్పే మాట వల్ల ప్రజలకు దక్కవలసినది దక్కుతుందా, లేక నాకు మాత్రమే ఏదైనా దక్కుతుందా? రెండవది, చెప్పేదానికి కాగితం మీద ఆధారం ఉందా? మూడవది, దగ్గరి గుమ్మం తట్టకుండానే దూరపు గుమ్మానికి పరుగెత్తుతున్నానా? ఈ మూడింటికీ అంతరాత్మ సరైన జవాబు చెబితే ఇక వెనుకాడనక్కర లేదు. దగ్గరి గుమ్మంలోనే దొంగ కూర్చుని ఉంటే మాత్రం పై గుమ్మానికి నేరుగా వెళ్లడం తప్పు కాదు.

ఇక చట్టం ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో తెలుసుకుని మాట్లాడాలి. ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన పౌరుడి ప్రాథమిక హక్కులు పోవని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే కోర్టు 2003లో టి.కె. రంగరాజన్ కేసులో ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని చెప్పింది. ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడాన్ని కట్టడి చేస్తుంది. కాబట్టి పత్రికకు ఎక్కడం మన మొదటి మెట్టు కాకూడదు. మన మొదటి ఆయుధం నోట్ ఫైలు.

ఈ మాటను యువ ఉద్యోగులు గుర్తుంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాలలో మూడవ నియమం, పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలని చెబుతుంది. తప్పనిసరై నోటిమాటగా చెబితే వెంటనే రాతలో ధ్రువీకరించాలని, అలా ఆదేశం పొందిన ఉద్యోగి కూడా రాతపూర్వక ధ్రువీకరణ కోరాలని చెబుతుంది. 2013 అక్టోబరు 31న మాజీ క్యాబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ తదితరుల కేసులో సుప్రీంకోర్టు కూడా అధికారులు నోటిమాట ఆదేశాల మీద నడవకూడదని, వాటిని నమోదు చేయాలని చెప్పింది. కనుక "అయ్యా, ఈ సంగతి దయచేసి ఫైలు మీద రాయండి" అనడం ధిక్కారం కాదు, విధేయత లోపించడమూ కాదు. మా అనుభవంలో చాలా తప్పుడు ఆదేశాలు ఈ ఒక్క వినయమైన వాక్యం దగ్గరే ఆగిపోయాయి. నోటితో చెప్పగలిగినవారందరూ చేత్తో రాయలేరు.

చట్టం ఇవ్వనిదేమిటో కూడా చెప్పుకుందాం. సత్యేంద్ర దూబే పేరు మీలో కొందరికి గుర్తుండవచ్చు. కాన్పూరు ఐఐటీలో చదివిన ఇంజనీరు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలో జరుగుతున్న అక్రమాలను వివరిస్తూ ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశాడు. తన పేరు రహస్యంగా ఉంచమని వేడుకున్నాడు. పేరు రహస్యంగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో అతడిని కాల్చి చంపారు. ఆ మరణం తర్వాత దేశంలో రేగిన ఆవేదన వల్ల 2004లో కేంద్రం ఒక తీర్మానం చేసి, ప్రజా ప్రయోజనం కోసం సమాచారం వెల్లడించే వారి ఫిర్యాదులను స్వీకరించే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. కేంద్ర కార్యాలయాలలో, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలలో పనిచేసే మన సోదరులు ఈ మార్గాన్ని తెలుసుకోవాలి. ఆకాశరామన్న ఉత్తరం అక్కడ చెల్లదు, పేరు ఇవ్వాలి. ఆ పేరును రహస్యంగా ఉంచే బాధ్యత కమిషన్‌ది. రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగుల వ్యవహారాలు దాని పరిధిలోకి రావు. అందరికీ రక్షణ ఇవ్వవలసిన చట్టాన్ని 2014లో పార్లమెంటు చేసింది. కానీ ఆ చట్టాన్ని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ ఇవ్వకుండా ఏళ్లకు ఏళ్లు గడిపేశారు. పుస్తకంలో ఉన్న చట్టం వీధిలో ఉన్న మనిషిని కాపాడదు. దాన్ని అమలు చేయమని అడగడం మన హక్కుల ఉద్యమ కోరికల జాబితాలో ఉండాలి. అది ముస్లిముల సమస్య కాదు కదా అని పక్కన పెట్టకూడదు.

వినడం అధికారి బాధ్యత

మనలో కొందరు అధికారులు కూడా ఉన్నారు. కార్యాలయాన్ని నడిపేవారితో రెండు మాటలు.

కింది ఉద్యోగి మాట్లాడకపోవడాన్ని చాలామంది క్రమశిక్షణ అనుకుంటారు. అది నిజానికి కార్యాలయానికి వచ్చిన చెవుడు. ఏ ఫైలు ఎక్కడ ఆగిందో, ఏ దళారి ఏ గుమ్మం దగ్గర నిలబడతాడో అధికారికంటే ముందు అటెండరుకు తెలుస్తుంది. అతడు చెప్పలేని కార్యాలయంలో అధికారి గుడ్డివాడిలా సంతకాలు పెడుతుంటాడు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజులలో కూఫా నగర ప్రజలు తమ గవర్నరు మీద ఫిర్యాదు చేశారు. ఆ గవర్నరు మామూలు మనిషి కాదు. ప్రవక్త (స) ప్రియ సహచరుడు, ఖాదిసియా యుద్ధ విజేత హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి). అంతటి వాడి మీద ఫిర్యాదా అని ఉమర్ (రజి) కోపగించుకోలేదు. ఆయనను పదవి నుంచి తప్పించి, పిలిపించి, ఆయన వాదన విన్నారు. తర్వాత మనుషులను కూఫాకు పంపి ఒక్కొక్క మసీదులో ప్రజలను విచారించమన్నారు. దాదాపు అందరూ సఅద్ (రజి) మంచితనాన్నే చెప్పారు. ఒక మసీదులో ఒక వ్యక్తి మాత్రం ఎదురుగా నిలబడి నింద వేశాడు. అది అబద్ధమైతే దేవుడే చూసుకోవాలని సఅద్ (రజి) ప్రార్థించారు. చివరకు ఉమర్ (రజి) మరణశయ్య మీద ఉన్నప్పుడు, సఅద్‌ను తాను అసమర్థత వల్ల గాని, ద్రోహం వల్ల గాని తొలగించలేదని అందరి ముందూ చెప్పి, ఆయన గౌరవాన్ని నిలబెట్టి, ఖలీఫా పదవికి అర్హులైన ఆరుగురిలో ఆయన పేరునూ చేర్చారు.

ఈ ఒక్క ఘట్టంలో మంచి పరిపాలన అంతా ఉంది. పదవిలో ఉన్నవాడు ఎంతటివాడైనా ఫిర్యాదు వింటారు. విచారణ జరిగే కాలంలో అతడిని ఆ కుర్చీలో ఉంచరు. విచారణ రాజధానిలో కూర్చుని కాక, జనం ఉన్న చోటికి వెళ్లి చేస్తారు. నింద పడిన మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇస్తారు. తప్పు తేలకపోతే అతడి పరువును బహిరంగంగా తిరిగి ఇస్తారు. అబద్ధపు ఫిర్యాదు చేసినవాడు కూడా జవాబుదారీ నుంచి తప్పించుకోలేడు.

మన కాలంలో, మన నేల మీద కూడా అటువంటి ఆదర్శం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారిని పాత తరం ఉద్యోగులు ఇప్పటికీ తలచుకుంటారు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కాగితం మీదనే ఉండిపోకుండా, ఆయన వెట్టి కూలీలున్న పల్లెలకు వెళ్లి వారి మాటే నేరుగా విన్నారు. అధికారి చెవి ఎటువైపు వంగి ఉండాలో ఆయన జీవితం చూపింది.

కాబట్టి అధికారులుగా ఉన్న సోదర సోదరీమణులకు మా విన్నపం ఇంతే. వారానికి ఒకసారి జరిగే సమీక్షలో ముందు కింది ఉద్యోగి చేత మాట్లాడించండి. పై అధికారి మాట్లాడిన తర్వాత కింది వారి నోట నిజం రాదు. వచ్చిన ఫిర్యాదుకు నెంబరు వేసి రసీదు ఇవ్వండి. ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వారి చేతికే విచారణ ఇవ్వకండి. మాట్లాడిన ఉద్యోగి బదిలీ ఫైలు అదే నెలలో మీ ముందుకు వస్తే ఒక్క క్షణం ఆగి, ఇది ఎందుకు వచ్చిందని అడగండి. రాజ్యాంగం 311వ అధికరణం విచారణ లేని తొలగింపు నుంచి ఉద్యోగిని కాపాడుతుంది. బదిలీ నుంచి కాపాడదు. అందుకే భయపెట్టాలనుకునేవారు ఛార్జి మెమోకంటే బదిలీ కాగితాన్నే ఎక్కువగా నమ్ముకుంటారు.

గొంతు లేనివారి గొంతు

311వ అధికరణం రక్షణ కూడా లేనివారు ఈనాడు కార్యాలయాల నిండా ఉన్నారు. అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్లు, కాంట్రాక్టు సిబ్బంది, గౌరవ వేతనం మీద పనిచేసే ఆశా కార్యకర్తలు. ప్రజలకు అందరికంటే దగ్గరగా ఉండేది వీరే. అన్యాయం ముందుగా కనబడేది వీరికే. మా నోటు పుస్తకం అబ్బాయి వీరిలో ఒకడు. ఏజెన్సీ జాబితా మారితే చాలు, వీరి పేరు మాయమవుతుంది. సంఘాలు శాశ్వత ఉద్యోగుల కోసమే అనే ధోరణిని వదిలి, వీరిని కూడా సభ్యులుగా చేర్చుకోవాలి.

చిన్న ఉద్యోగి మాటకు విలువ ఏముందని ఎవరైనా అంటే రాజస్థాన్‌కు చెందిన భన్వరీ దేవిని గుర్తు చేయండి. ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో కొద్దిపాటి గౌరవ వేతనం మీద పనిచేసే గ్రామ కార్యకర్త. 1992లో ఒక పసిబిడ్డ పెళ్లిని ఆపడానికి ప్రయత్నించింది. అది ఆమెకు ప్రభుత్వం అప్పగించిన పనే. అందుకు ఊరి బలవంతులు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. పనిచేయించుకున్న ప్రభుత్వం ఆమెకు అండగా నిలవలేదు. ఆమె నోరు మూసుకోలేదు. మహిళా సంఘాలు ఆమె వెనుక నిలిచి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టులో వచ్చిన విశాఖ తీర్పు, ఆపైన 2013లో వచ్చిన చట్టం ఆ పోరాట ఫలితాలే. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. అంతకంటే తక్కువమంది ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. సాధారణంగా మూడు నెలలలోగా ఫిర్యాదు ఇవ్వాలి. మన ఆడపిల్లలు ఇప్పుడు సచివాలయాలలో, ఆసుపత్రులలో, గురుకులాలలో పనిచేస్తున్నారు. వారు ఒక ఇబ్బంది చెప్పుకుంటే "అందుకే ఉద్యోగం వద్దన్నాం" అనకండి. ఆ ఒక్క మాటతో ఆమె నోటితో పాటు ఆమె బతుకుదెరువును కూడా మూసేస్తున్నాం.

రెండువైపుల ఒత్తిడి

ముస్లిం ఉద్యోగికి మరో చిక్కు ఉంది. నోరు విప్పితే "మతం చూసి మాట్లాడుతున్నాడు" అంటారు. ఆ భయంతోనే మేము ఆ రోజు లేఖ పెట్టలేదు. ఇది ఒకవైపు.

రెండోవైపు మనవారి నుంచి వచ్చేది. బంధువు వచ్చి కూర్చుంటాడు. అర్హత లేని రేషన్ కార్డు కావాలంటాడు, వరుస దాటించమంటాడు. కాదంటే "కుర్చీ రాగానే కౌమ్‌ను మరిచాడు" అనే మాట పెళ్లిళ్ల దాకా పాకుతుంది. ఇలా అడిగే సమాజానికి, రేపు తన ఉద్యోగి నిజం చెప్పి దెబ్బ తిన్నప్పుడు అతడి నిజాయితీ గురించి మాట్లాడే హక్కు ఎలా వస్తుంది?

ఈ రెండింటికీ మందు ఒక్కటే. తమకు గాని, తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని వ్యతిరేకంగా పోయినా సరే న్యాయం వైపే నిలబడమని, ఎదుటివాడు ధనికుడా పేదవాడా అని చూడవద్దని ఖుర్ఆన్ చెప్పింది. దళిత వితంతువు పింఛను ఆగినప్పుడు, గిరిజన విద్యార్థి హాస్టలు బియ్యంలో కోత పడినప్పుడు నోట్ ఫైలు మీద మొదటి వాక్యం రాసే ఉద్యోగి ముస్లిం అయితే, షేక్‌ల పిల్లల పేర్ల గురించి అతడు రాసే రెండో వాక్యాన్ని మతం అని ఎవరూ కొట్టిపారేయలేరు. అప్పుడు పక్క కుర్చీలోని హిందూ సోదరుడు, క్రైస్తవ సోదరి కూడా ఆ కాగితం కింద సంతకం పెడతారు. అలా పెట్టినవారిని మా ఉద్యోగ జీవితంలో మేము చూశాం.

మన ఇంటి సంగతి

ఇంత చెప్పి మన సంస్థల గురించి చెప్పకపోతే అది కపటమవుతుంది. వక్ఫ్ ఆస్తి, మసీదు కమిటీ, మదర్సా, మనం నడిపే పాఠశాల, ఇవన్నీ అమానతులే. అక్కడి గుమాస్తా, ఉపాధ్యాయురాలు, ఇమాం, మౌజన్ కూడా ఉద్యోగులే. మసీదుల ఇమాములకు వేతనం చెల్లించాలని 1993లో సుప్రీంకోర్టు వక్ఫ్ బోర్డులకు చెప్పవలసి వచ్చింది. మనం మనంతట చేయవలసిన పని కోర్టు చేత చెప్పించుకున్నాం. దుకాణాల అద్దె లెక్క అడిగిన ఇమాం మరుసటి జుమాకు ఆ మింబరు మీద కనిపించకపోతే, ప్రభుత్వం నుంచి పారదర్శకత కోరే అర్హత మన కమిటీలకు ఎలా ఉంటుంది? వక్ఫ్ భూములు చేతులు మారిన ప్రతిచోటా ఆ సంగతి ముందుగా తెలిసిన ఒక చిన్న ఉద్యోగి తప్పకుండా ఉండే ఉంటాడు. అతడు చెప్పి ఉంటే వినేవారు లేరు, లేదా చెప్పడానికే భయపడ్డాడు. వక్ఫ్ కోసం వీధిలో నినాదం ఇవ్వడం ఎంత అవసరమో, ప్రతి మసీదు గోడ మీద ఏడాది జమాఖర్చులు అంటించడమూ అంతే అవసరం.

కుటుంబాలకు మా మనవి

చివరగా ఇక్కడికి వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఒక మాట. నిజం చెప్పే ఉద్యోగి మొదట అనుమతి తీసుకునేది ఇంట్లోనే. బదిలీ అయితే పిల్లల బడి ఏమవుతుంది, జీతం ఆగితే అద్దె ఎలా కడతాం అనే ప్రశ్నలకు జవాబు దొరకకనే చాలామంది గొంతులు ఆగిపోతాయి. ఆ బరువు ఒక్క ఇంటి మీదే పడకూడదు. ప్రతి పట్టణంలోనూ కొందరు న్యాయవాదులు, కొందరు విరమించిన ఉద్యోగులు కలిసి, ఇలాంటి వారి కాగితాలు చూసి సలహా ఇచ్చే ఏర్పాటు చేసుకోగలం. దూరానికి బదిలీ అయిన ఉద్యోగి ఇంటికి నెలకొకసారి వెళ్లి పలకరించగలం. ఇది పెద్ద నిధులు కావలసిన పని కాదు.

మేము అవుట్‌సోర్సింగ్ జాబితాను సరిదిద్దలేం. పోయిన ఆ విద్యా సంవత్సరాన్ని తిరిగి తేలేం. విరమణ తర్వాత మాలో ఒకరు ఆ అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ కోరారు. అతడిప్పుడు ఒక జిరాక్స్ దుకాణం నడుపుకుంటున్నాడు. దరఖాస్తులు నింపించుకోవడానికి వచ్చే పిల్లలకు, ముందు అన్ని పత్రాలలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోమని చెబుతున్నాడు. అతడి దుకాణం బల్ల మీద ఇంకో నోటు పుస్తకం ఉందట. ఉద్యోగం పోయినా ఆ పని మాత్రం మానలేదు.

రేపు ఎవరైనా మీ బల్ల మీద అటువంటి పుస్తకం తెచ్చి పెడితే, మేము అన్న మాట మీరు అనవద్దు. "కూర్చో నాయనా, పైవారికి లేఖ రాద్దాం" అనండి. ఆ లేఖ కింద ముందు మీ సంతకం పెట్టండి.

మన చేతిలోని ప్రతి అమానత్‌ను దాని హక్కుదారుకు చేర్చే శక్తిని, సత్యం పలికే ధైర్యాన్ని, సత్యం వినే సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.